విమానములో సాంబ్రాణి ధూపము

2019వ సంవత్సరము శ్రావణమాసమున మా మేనత్తగారి కంటి శుక్లము తీయించుటకై మేము విశాఖపట్టణమునుండి హైదరాబాదునకు విమానముమీద బయలుదేరితిమి. ఆమెకు డెబ్బదియేండ్లు. విమానమెక్కుట అదియే మొదటిసారి. శస్త్రమన్న ఆమెకు భయము. విమానమన్న మాకు భయము. మా సంగతి ఆమెకు తెలియనీయక ధైర్యము చెప్పుచుంటిమి.

తలుపులు మూసిరి. అంతలో తలలపైనున్న సందులనుండి తెల్లని పొగ గుప్పున వెలువడి క్రిందికి దిగసాగెను. మా గుండె ఝల్లుమనెను. అగ్గి పుట్టినదని అరవబోవునంతలో అత్తగారు చేతులు జోడించి, "మంచి ఆచారమే! ప్రయాణమునకు ముందు సాంబ్రాణి వేయుచున్నారు. వాసన మాత్రము తెలియుటలేదు సుమీ!" అనిరి.

పరిచారిక నవ్వి, అది పొగ కాదు, మంచు అని చెప్పినది. సముద్రతీరపు గాలిలో తేమ మెండు. యంత్రమునుండి వచ్చు చల్లగాలి తగులగనే ఆ తేమ సన్నని నీటితుంపరలై పొగవలె కన్పట్టునట. ఐసుపెట్టె తలుపు తెరచినప్పుడు మనము చూచునదియు నిదియే.

గంటసేపటికి శంషాబాదున దిగితిమి. శస్త్రము సుఖముగా జరిగినది. అత్తగారు కొన్నాళ్లు కుమారునియింట నుండిరి. మార్గశిరమున తిరుగుప్రయాణమందు అచ్చటి గాలి పొడిగా నుండుటచే ఆ మంచు రాలేదు. అత్తగారు క్రొత్తకంటితో నలుదెసలు పరికించి, "ఇప్పుడు చక్కగా కనబడుచున్నది గదా, సాంబ్రాణి ఏదే? ఈ యూరివారికి భక్తి తక్కువ కాబోలు!" అనిరి.

సోదరీమణులారా, తేమ సంగతి మరల చెప్పబోయి ఊరకుంటిమి. ఆనాడు బెదరినది మేము. నిబ్బరముగా నుండినది ఆమెయే గదా!