బైనాక్యులర్స్‌లో బంధువులు

హైదరాబాద్‌ పెళ్లి విందుల్లో ఖుబానీ కా మీఠా వడ్డిస్తే మరికాస్త అడగనివాళ్లు అరుదు. ఆ ఖుబానీలు... అదేనండీ, ఆప్రికాట్లు, చెట్టుకి వేలాడుతుండగా నేను మొదటిసారి చూసింది తుర్తుక్‌లో. లద్దాఖ్‌లోని లేహ్‌ నుంచి ఖర్దుంగ్‌ లా కనుమ ఎక్కి దిగి, ష్యోక్‌ నది వెంట వెళ్తే దాదాపు 200 కిలోమీటర్లు. దారంతా బోడికొండలే. ఉన్నట్టుండి కళ్లముందు పచ్చదనం! కొండవాలున మెట్లుమెట్లుగా చేలు, ఇళ్ల మధ్య గలగలా పారే కాలువలు. ఊళ్లో రాళ్లతో కట్టిన చిన్నచిన్న గదులుంటాయి. బండల సందుల్లోంచి చల్లగాలి వీస్తుంది. వేసవిలో వెన్న, మాంసం అందులోనే దాస్తారు. కరెంటు అక్కర్లేని ఫ్రిజ్‌ అన్నమాట.

1971 డిసెంబరు దాకా ఈ బల్తీ ప్రజల ఊరు పాకిస్థాన్‌ అధీనంలో ఉండేది. ఆ నెల యుద్ధంలో తుర్తుక్‌తోపాటు చలుంకా, త్యాక్షి, థాంగ్‌ గ్రామాలు మన సైన్యం చేతికొచ్చాయి. పనికోసమో చదువుకోసమో స్కర్దూ వైపు వెళ్లినవాళ్లు అటే ఉండిపోయారు. కొన్ని ఇళ్లలో భార్య ఇటు, భర్త అటు. 1972 సిమ్లా ఒప్పందంతో మధ్యలో నియంత్రణ రేఖ స్థిరపడిపోయింది. 1999 కార్గిల్‌ యుద్ధంలో ఈ కొండల్లో మళ్లీ పోరు. పర్యాటకులకు దారి తెరిచింది 2010లో.

అప్పట్నుంచీ ఇళ్లే అతిథిగృహాలయ్యాయి. మేం దిగిన ఇంట్లో పైన రెండు గదులు వేశారు. వేసవి నాలుగు నెలల రాబడితోనే ఏడాదంతా నెట్టుకురావాలట. సరిహద్దులో కాల్పులని టీవీలో వస్తే చాలు, గదులు ఖాళీ! అందుకే పర్యాటకం ఊరిని పాడుచేస్తోందని తేలిగ్గా అనేయలేను. గది అద్దె నేరుగా ఇంటావిడ చేతికి వస్తున్నంతకాలం మంచిదే. నాకు మింగుడుపడనిది వేరే ఉంది.

థాంగ్‌ ఇటువైపు చివరి ఊరు. అక్కడ బైనాక్యులర్స్‌లో అవతలి ఊరు చూపిస్తారు. మా ముందున్న జట్టు 'అదిగో పాకిస్థాన్‌' అంటూ ఒకటే కేరింతలు. నేను చూస్తే... చెట్లు, మిద్దెలు, దారినపోతున్న ఓ మనిషి. అటు మీవాళ్లెవరైనా ఉన్నారా అని చూపిస్తున్న కుర్రాణ్ని అడిగాను. వాళ్ల తాతగారి తమ్ముడి కుటుంబం ఉందట. రోడ్డు వదిలితే గంటలోపు ప్రయాణం. పెళ్లికీ వెళ్లలేరు, చావుకీ వెళ్లలేరు. అతను ఆ మాట చాలా మామూలుగా చెప్పాడు, రోజుకి ఎంతమంది అడుగుతారో మరి. ఇంతలో మరో జీపు వచ్చి ఆగింది. బైనాక్యులర్స్‌ అద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుంటూ అటు నడిచాడు.