నలభై ఏడు సెకన్ల లెక్క

తెలుగు ఇళ్ళలో రైలు నాన్నల శాఖ. పులిహోర పొట్లం, మరచెంబులో మంచినీళ్ళు, కిటికీలోంచి చేతులు బయట పెట్టొద్దన్న హెచ్చరిక అమ్మ చూసుకునేది. బండి ఎందుకు ఆగింది, మళ్ళీ ఎప్పుడు కదులుతుంది అన్నవి నాన్నను అడగాల్సిన ప్రశ్నలు. ఆయనకు తెలియకపోయినా జవాబు మాత్రం సిద్ధంగా ఉండేది.

ఆవిరి ఇంజన్లు ఇంకా తిరుగుతున్న రోజుల్లో, ఊరు వెళ్ళే పని లేకపోయినా సాయంత్రం పిల్లవాణ్ణి సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని రైలు చూపించడానికి స్టేషనుకు తీసుకెళ్ళే తండ్రులు ఉండేవారు. చదువు సిగ్నలు దగ్గర మొదలయ్యేది. స్తంభం మీది ఎర్రచెయ్యి అడ్డంగా ఉంటే బండి ఆగాలి, కిందికి వాలితే రావచ్చు. ఆ చెయ్యి వాలకముందే పట్టాల పక్కన కప్పీల మీద సాగే తీగ జరజరా కదిలేది. కేబిన్లో లీవరు లాగారన్నమాట. నాన్న ఈ గుట్టు చెప్పిన పిల్లవాడు తోటివాళ్ళకన్నా ఒక క్షణం ముందే "బండొస్తోంది" అని అరిచి గొప్పవాడయ్యేవాడు.

తర్వాతి పాఠం టోకెను. ఒంటిపట్టా దారిలో రెండు బండ్లు ఎదురుపడకుండా ఇరుగుపొరుగు స్టేషన్లలోని యంత్రాలను తీగతో కలిపేవారు. ఒకసారి ఒక టోకెను బయటికి వచ్చిందంటే, అది తిరిగి లోపలికి చేరేదాకా రెండోది రాదు. అది చేతిలో లేనిదే డ్రైవరు ముందుకు పోకూడదు. ఆగకుండా పోయే బండికైతే, టోకెను సంచి కట్టిన పెద్ద వలయాన్ని స్టేషను మనిషి ఎత్తి పట్టుకునేవాడు. ఇంజనులోని మనిషి చెయ్యి చాపి, పరుగులోనే దాన్ని భుజానికి తగిలించుకుని, పాతదాన్ని కిందికి విసిరేసేవాడు. పిల్లలకు అది సర్కసు. ఎన్నిసార్లు చూసినా తనివి తీరేది కాదు.

ఇక ప్రయాణమంటే అర టికెట్టు నాటకం. ఐదేళ్ళలోపు పిల్లలకు టికెట్టు ఉండేది కాదు, పన్నెండు నిండేదాకా సగం ఉండేది. టి.సి. ఎదుట ఆరేళ్ళవాడు నాలుగేళ్ళవాడైపోయేవాడు. నాన్న అబద్ధమాడగా తొలిసారి విన్నది చాలామందికి రైల్లోనే. సత్యహరిశ్చంద్రుడి వంశం వాడొకడు మధ్యలో దూరి "నాకు ఆరు నిండాయి" అనడం, ఆ తర్వాత పండగపూట చుట్టాలందరికీ ఆ కథ చెప్పుకోవడం ఎన్నో ఇళ్ళలో ఉన్నదే.

గోదావరి వస్తే బోగీ అంతా కిటికీల వైపు ఒరిగేది. కొవ్వూరు, రాజమండ్రి మధ్య 1900లో తెరిచిన హేవలాక్ వంతెనకు 56 స్పాన్లు. నాన్న ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టించేవాడు. సగంలో అమ్మ చిల్లర పైసలు చేతిలో పెట్టి నదిలో వెయ్యమనేది. పైసలు గడ్డర్లకు తగిలి ఖంగుమనేసరికి లెక్క తప్పేది. 1974లో పైన రోడ్డు, కింద రైలు ఉన్న రెండో వంతెన వచ్చింది. 1997లో మూడోదాని మీదికి బండ్లు మళ్ళాక పాత వంతెనకు విశ్రాంతి దొరికింది.

వీటన్నిటినీ మించిన విద్య వేగం కొలవడం. మన పెద్ద లైన్ల మీద పట్టా ముక్క పొడవు 13 మీటర్లు. ఎండకు ఇనుము సాగుతుంది కాబట్టి ముక్కకూ ముక్కకూ మధ్య కాస్త సందు వదిలేవారు. చక్రం ఆ సందు దాటినప్పుడల్లా టక్కుమనేది. నాన్న చేతిగడియారం విప్పి "ఊఁ, మొదలుపెట్టు" అనేవాడు. 47 సెకన్లలో ఎన్ని టక్కులు వినిపిస్తే, బండి గంటకు దాదాపు అన్ని కిలోమీటర్లు పోతున్నట్టు. 52 వినిపిస్తే 52 కిలోమీటర్లే. ఇందులో మంత్రమేమీ లేదు. 13ను 3.6తో హెచ్చవేస్తే 46.8 వస్తుంది, అంతే. బళ్ళో ఎక్కాలు వల్లించలేక ఏడ్చినవాడు కూడా రైల్లో ఈ లెక్క తప్పేవాడు కాదు.

ఇప్పుడు పట్టాలను కిలోమీటర్ల పొడవున ఏకంగా అతికేస్తున్నారు. వేగం కావాలంటే ఫోను చెబుతుంది. స్టేషను దగ్గరపడి బండి పాయింట్లు దాటేటప్పుడు మాత్రం ఆ టకటక కాసేపు వినిపిస్తుంది. దానితో లెక్క కుదరదు.