జోల్వాలో ఆరో నంబరు ఫారం

2024 లోక్‌సభ ఎన్నికల్లో సూరత్ నియోజకవర్గం ఓటర్లకు వేలికి సిరా పూయించుకునే పని పడలేదు. ఒక అభ్యర్థి నామినేషన్ చెల్లలేదు, మిగిలినవాళ్లు ఉపసంహరించుకున్నారు, ఏప్రిల్ 22నే ఫలితం ప్రకటించేశారు. ఆ నగరానికి కూతవేటు దూరంలో ఉన్న పల్సానా తాలూకా మాత్రం బార్డోలి లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. అక్కడ మే 7న అందరితో పాటే పోలింగ్ జరిగింది. కడోదరా చౌరస్తా దాటి బార్డోలి రోడ్డు మీద కొద్ది దూరం పోతే వచ్చే జోల్వా ఆ తాలూకాలోదే. జోల్వాలో ఓటుంది. ఎవరికి ఉందన్నదే సంగతి. ఆ సంగతి పట్టుకుని ఒక కాలేజీ ఎన్ఎస్ఎస్ పిల్లలు గల్లీ గల్లీ తిరుగుతున్నారని తెలిసి చూడ్డానికి వెళ్లాను.

జోల్వా పేరుకు ఊరు, చూపుకు మిల్లుల పేట. చెరకు పొలాలు ఇంకా అక్కడక్కడా మిగిలే ఉన్నాయి, వాటి వెనకాలే డైయింగ్ మిల్లుల పొగగొట్టాలు, మగ్గాల షెడ్లు, వరసగా రేకుల గదులు. సాయంత్రం షిఫ్టు మారే వేళ రోడ్డు మీద నిలబడితే గుజరాతీ చెవిన పడేది తక్కువ. ఒడియా, భోజ్‌పురి, మరాఠీ, ఛత్తీస్‌గఢ్ హిందీ. టీ బండి అతను అన్నిట్లోనూ చిల్లర లెక్క చెబుతున్నాడు. దేశంలో చీరలకు పనికొచ్చే సింథటిక్ బట్టలో పెద్ద భాగం సూరత్ చుట్టుపక్కలే నేస్తారు, అద్దుతారు. ఆ పని చేసే చేతుల్లో ఎక్కువ భాగం బయటి రాష్ట్రాలవి.

వీళ్ల గురించి దేశానికి తెలిసింది 2020లో. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయి, మెస్సులు మూతపడి, ఇంటికి పంపమని అడిగి అడిగి విసిగిన కార్మికులు మే 4న ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న వరేలీలో రోడ్డెక్కారు. పోలీసులతో గొడవైంది, బాష్పవాయువు వదిలారు. అప్పుడు వాళ్ల తరఫున అడగాల్సిన బాధ్యత ఎవరిది? వార్డు మెంబరుదా, ఎమ్మెల్యేదా? వాళ్ల ఓట్లన్నీ గంజాంలోనో గోరఖ్‌పూర్‌లోనో ఉన్నాయి. ఓటున్న చోట వాళ్లు లేరు, వాళ్లున్న చోట ఓటు లేదు.

ఎన్ఎస్ఎస్ పిల్లల క్యాంపు ఒక స్కూల్లో. తరగతి గదుల్లో బెంచీలు గోడకు జరిపి పరుపులు పరిచారు. పొద్దున్నే ప్రభాత్ ఫేరీ, తర్వాత శ్రమదానం, మధ్యాహ్నం ఇంటింటి సర్వే, సాయంత్రం బౌద్ధిక్ అని పిలిచే ఉపన్యాసం, రాత్రి ఆటపాటలు. ఎన్ఎస్ఎస్ క్యాంపు చేసినవాళ్లెవరికైనా ఈ వరస తెలిసిందే. మన దగ్గర కూడా ఇదే వరస, భాషే తేడా.

ఈ పథకం పుట్టుక వెనక తెలుగు చెయ్యి ఉంది. విద్యార్థులు స్వచ్ఛందంగా దేశసేవ చేయాలని విశ్వవిద్యాలయ కమిషన్ తరఫున మొదట సిఫారసు చేసింది సర్వేపల్లి రాధాకృష్ణన్. పదేళ్ల తర్వాత సి.డి. దేశ్‌ముఖ్ కమిటీ, అంటే మన దుర్గాబాయి గారి భర్తది, సేవను అందరికీ తప్పనిసరి చేయమంది. అంత ఖర్చూ అంత కటువుతనమూ ఎవరికీ నచ్చలేదు. చివరికి గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో నేషనల్ సర్వీస్ స్కీమ్ మొదలైంది. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240, మధ్యలో ఏడు రోజుల క్యాంపు, చివర సర్టిఫికెట్. ఇప్పుడు ఇదే కొలత.

కొలత గంటల్లో ఉండడమే నాకు మొదటి నుంచీ ఇబ్బంది. గంటలు లెక్కపెడితే గంటలే వస్తాయి. చీపురు పట్టుకున్న ఫొటో ఒక గంట, ర్యాలీ రెండు గంటలు, ఉపన్యాసం వింటూ కునికిపాట్లు పడ్డదీ గంటే. అమెరికాలో బ్రౌన్, జార్జ్‌టౌన్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల అధ్యక్షులు 1985లో కలిసి పెట్టిన క్యాంపస్ కాంపాక్ట్ అనే సంస్థ వేరే దారి పట్టింది. కాలేజీ అధ్యక్షుడు తన విద్యార్థుల్లోంచి ఒకరిని ఎంచి పంపితే, ఆ విద్యార్థికి ఏడాది పాటు ఫెలోషిప్ ఇస్తారు. ఒక మనిషి, ఒక సమస్య, ఒక ఏడాది. అందులోనూ లోపం ఉంది. ముందే మెరిసేవాళ్లనే ఇంకా మెరిపిస్తుంది. కానీ సమస్యను మధ్యలో వదిలి బస్సెక్కే వీలు అందులో తక్కువ.

జోల్వా క్యాంపును నడిపే ప్రోగ్రాం ఆఫీసరు మేడం ఈ రెంటికీ మధ్య ఏదో కుదిర్చింది. పొద్దుటి శ్రమదానం ఎలా జరిగినా ఆమెకు పెద్ద పట్టింపు లేదు. మధ్యాహ్నం సర్వే దగ్గర మాత్రం కఠినం. పిల్లలను జంటలుగా విడగొట్టి ఒక్కో జంటకు ఒక్కో గదుల వరస అప్పజెప్పింది. ఆ వరసలో వచ్చిన ఓటు దరఖాస్తులకు క్యాంపు అయ్యాక కూడా ఆ జంటే పూచీ. ఫలానా ఫారం ఏమైందని మూడు నెలల తర్వాత అడిగినా జవాబు చెప్పాలి. దీనికి అదనపు గంటలు వేస్తారా అని ఒక కుర్రాడు అడిగాడట. వేయనని చెప్పిందట.

నేను తిరిగిన జంటలో ఒకమ్మాయి బార్డోలి పక్క పల్లెది. రెండోవాడు సూరత్ లింబాయత్ నుంచి వచ్చిన తెలుగు కుర్రాడు. పేరు అడగ్గానే పద్మశాలి ఇంటివాడని అర్థమైంది. “మా తాత సిరిసిల్ల కెల్లి వచ్చిండు సార్. నేనిక్కడనే పుట్టిన” అన్నాడు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాతో పాటు తెలుగు మీడియం బడులూ నడుపుతుంది. అలాంటి బడిలో చదువుకున్నాడు. తెలుగు చదవగలడు, రాయడం తప్పుతుంది, తిట్టడం మాత్రం ఏ భాషలోనైనా వచ్చట. లింబాయత్‌లో వాళ్లింటి ఓట్లు ఎప్పుడో నమోదయ్యాయి. మూడు తరాలకు వలస అనే మాట వాళ్లను వదిలింది. జోల్వా గదుల ముందు నిలబడ్డప్పుడు అతని మొహం చూస్తే తాతను చూసుకుంటున్నట్టే అనిపించింది, కానీ ఆ మాట అడిగితే నవ్వేశాడు.

నాలుగో గదిలో నైట్ షిఫ్టు చేసి పడుకున్న మనిషి లేచి కూర్చున్నాడు. అమ్మాయి హిందీలో మొదలుపెట్టింది. నేనూ కుర్రాడూ తెలుగులో ఏదో అనుకోవడం విని అతను, “ఏటి బాబూ, తెలుగోళ్లా?” అన్నాడు. గంజాం జిల్లా, బరంపురం దగ్గర. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, మిల్లులో హిందీ. ఇక్కడికి వచ్చి చాలా ఏళ్లయింది. ఏడాదిలో ఒక నెల ఊరు, మిగతాది మగ్గం. ఇక్కడ ఓటు పెట్టుకుంటావా అంటే తల అడ్డంగా ఊపాడు.

“ఊళ్లో పేరు తీసేస్తే రేషన్ కార్డు పోద్ది కదా.”

రేషన్ కార్డుకూ ఓటర్ల జాబితాకూ సంబంధం లేదని, ఒకే దేశం ఒకే రేషన్ కింద ఇక్కడి చౌక దుకాణంలోనే వేలిముద్ర వేసి తన వాటా బియ్యం తెచ్చుకోవచ్చని కుర్రాడు చెప్పాడు. అతను విన్నాడు. దాని గురించి ఇంకో రెండు ప్రశ్నలు వేసి, దుకాణం ఎక్కడో గుర్తు రాయించుకున్నాడు. ఆ తర్వాత అసలు మాట చెప్పాడు. “సర్పంచి ఎన్నికలకు ఊరెళ్తాం బాబూ. అక్కడ మా ఓటు కోసం మనిషి ఇంటికొస్తాడు. ఇక్కడ నాకెవుడు తెలుసు, నేనెవుడికి తెలుసు?”

పిల్లలిద్దరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గరా లేదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక మనిషి పేరు ఒక్క నియోజకవర్గంలోనే ఉండాలి, అదీ సాధారణంగా నివసించే చోట. ఊళ్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి కాడని అదే చట్టం అంటుంది. తాత్కాలికంగా బయటికి పోయినంత మాత్రాన నివాసం పోదనీ అదే అంటుంది. ఏడాదిలో పదకొండు నెలలు తాత్కాలికమా? దూరం నుంచే ఓటు వేసే యంత్రం ఒకటి, 72 నియోజకవర్గాల ఓట్లు ఒకే చోట తీసుకోగలిగేది, ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీల ముందు పెట్టింది. పార్టీలు ఒప్పుకోలేదు, అది అక్కడే ఆగింది.

సాయంత్రం ఈ సంగతి చెబితే మేడం ఒక్కటే అంది. అతన్ని బలవంతపెట్టొద్దు, కాదన్నవాళ్ల కారణాలు వేరే పుస్తకంలో రాయండి. నాకు ఆ పుస్తకం ఫారాల కట్టకన్నా విలువైనదనిపించింది. కాదన్నవాళ్లలో భయపడ్డవాళ్లు, తెలియనివాళ్లు, తెలిసే వద్దన్నవాళ్లు అని మూడు రకాలు తేలారు. మూడో రకానికి చైతన్యం కల్పించాల్సిన అవసరమేమీ లేదు. వాళ్లు మనకన్నా ఎక్కువే ఆలోచించారు.

ఔనన్నవాళ్ల కష్టం వేరు. ఆరో నంబరు ఫారం కొత్త ఓటుకు, ఎనిమిదో నంబరు చిరునామా మార్పుకు. రెండింటికీ నివాసానికి రుజువు కావాలి. కరెంటు బిల్లు గదుల యజమాని పేరు మీద. ఆధార్ ఊరి చిరునామాతో. రిజిస్టరయిన అద్దె ఒప్పందం ఆ వరసల్లో ఎవరూ చూసి ఉండరు. ఏ రుజువూ లేకపోతే బూత్ లెవెల్ ఆఫీసరు స్వయంగా వచ్చి చూసి నమోదు చేయవచ్చని ఫారంలోనే ఉంది. ఆ వాక్యం వరకూ చదివేవాళ్లు తక్కువ. బార్డోలి అమ్మాయి చదివింది. అప్పటి నుంచి మిగతా జంటలన్నీ సందేహం వస్తే ఆ అమ్మాయి దగ్గరికే వచ్చాయి. ఎవరూ ఆమెను నాయకురాలిగా ఎన్నుకోలేదు. ఆ రోజు నాయకత్వ లక్షణాల మీద బౌద్ధిక్‌కు వచ్చిన అతిథి గంటన్నర మాట్లాడారు. అంతసేపూ ఆమె వెనక బెంచీలో కూర్చుని ఫారాలు గల్లీల వారీగా సర్దుకుంది.

ఒక మధ్యాహ్నం అందరినీ బార్డోలి స్వరాజ్ ఆశ్రమానికి తీసుకెళ్లారు. 1928 ఫిబ్రవరి 12న అక్కడి రైతులు పన్ను కట్టేది లేదని తీర్మానించుకున్నారు. సర్కారు శిస్తు 22 శాతం పెంచింది. సర్దార్ పటేల్ ఆ తాలూకా అంతటా శిబిరాలు పెట్టి, వాలంటీర్లను కూర్చోబెట్టి, రోజూ పత్రిక అచ్చువేసి ఊరూరా చదివించాడు. ఆగస్టులో రాజీ కుదిరింది, విచారణలో పెంపు 6.03 శాతానికి దిగింది. గైడు ఉపన్యాసాల గురించి చెప్పాడు గానీ నాకు ఆ శిబిరాల మీదే ధ్యాస. ఏ రైతు భూమి జప్తయింది, ఎవరి పశువుల్ని తోలుకుపోయారు, ఎవరు బెదిరి కట్టబోతున్నారు, ఈ కబురు సాయంత్రానికల్లా చేరాలి. ఆ పని లేకుండా సర్దార్ లేడు.

మనకూ ఇది కొత్త కాదు. చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండును కట్టింది ఇలాంటి పనికే. బార్డోలిలోనే 1922 ఫిబ్రవరిలో గాంధీ సహాయ నిరాకరణ ఆపించినప్పుడు గుంటూరు జిల్లా పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నడుపుతున్న పన్నుల నిరాకరణ కూడా ముగిసింది. ఆశ్రమం మెట్ల మీద కూర్చుని ఇదంతా లింబాయత్ కుర్రాడికి చెప్పాను. “పెదనందిపాడు ఏ జిల్లా అన్నరు?” అని ఫోనులో వెతుక్కున్నాడు. అతను ఆంధ్ర ఎప్పుడూ చూడలేదు. తెలంగాణ పెళ్లిళ్లకు రెండుసార్లు వెళ్లాడట.

క్యాంపు ముగిసే ముందు అసలు చిక్కు బయటపడింది. బూత్ లెవెల్ ఆఫీసరు ఆ స్కూల్లోనే టీచరు. విచారణకు ఆయన వెళ్లేది బడి వదిలాక. ఆ వేళకు పగటి షిఫ్టువాళ్లు ఇంకా మిల్లులో ఉంటారు, రాత్రి షిఫ్టువాళ్లు బయల్దేరి ఉంటారు. గది తాళం వేసి ఉంటే మనిషి లేడని రాస్తారు, దరఖాస్తు పోతుంది. ఇది ఎవరి కుట్రా కాదు, రెండు గడియారాలు కలవకపోవడం అంతే.

దీని మీద పిల్లలు గంటసేపు కొట్లాడుకున్నారు. కలెక్టరుకు వినతిపత్రం అన్నాడొకడు. ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియో అన్నాడింకొకడు. బార్డోలి అమ్మాయి లేచి వెళ్లి టీచరునే అడిగింది, మీకు ఆదివారం పొద్దున కుదురుతుందా అని. మిల్లుల్లో షిఫ్టు మార్పు ఆదివారమే కాబట్టి ఆ పూట రెండు షిఫ్టులవాళ్లూ గదుల్లో ఉంటారని ఆమె లెక్క. టీచరు కాసేపు ఆలోచించి, పెద్ద వరసలు రెండు ఆదివారాల్లో చూడగలనన్నాడు. ఒక షరతు పెట్టాడు. ప్రతి ఫారంతో పాటు గది నంబరు, షిఫ్టు, ఫోను నంబరు రాసిన చీటీ పిన్ను చేసి ఉండాలి, వరసలోని ఎవరో ఒకరు ఆయనతో పాటు నడవాలి.

ఆ రాత్రి ఆటపాటలు లేవు. తరగతి గదిలో ట్యూబ్‌లైటు కింద అందరూ చీటీలు రాస్తున్నారు. మొదటి ఆదివారం టీచరుతో ఎవరు నడవాలన్న దాని మీద మళ్లీ గొడవ. లింబాయత్ నుంచి జోల్వాకు పొద్దున్నే ఏ బస్సుందో కుర్రాడు ఇంటికి ఫోను చేసి కనుక్కుంటున్నాడు.