అత్వెల్లి నుంచి హకీంపేట దాకా

మేడ్చల్ వైపు వస్తే మా అత్వెల్లికి రండి. ఇక్కడి నుంచి శామీర్‌పేట దారి పడితే హకీంపేటలో ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది. పరుగు, దూకడం, ఎత్తు, బరువు చూసి నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. చదువు, తిండి, శిక్షణ ఖర్చు సర్కారుదే.

"అంత చిన్నప్పుడే ఆడపిల్లను హాస్టల్లో వదలాలా?" అంటారేమో. మా చిన్నదాని విషయంలో నాకూ అదే బెంగ. కానీ చూడండి, సుమారు 34 వేల జనాభా ఉన్న శాన్ మరీనో 2021లో టోక్యోలో 3 ఒలింపిక్ పతకాలు గెలిచింది. ఆ దేశానికి తొలి పతకం తెచ్చింది అలెసాండ్రా పెరిల్లి అనే మహిళే! మన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ ఆవిడే.

అమ్మాయి పరుగెడుతుంటే "పడతావే" అనకండి. పెరుగన్నం కట్టుకుని ఒకసారి హకీంపేట తీసుకెళ్లండి. నేనూ వచ్చే ఆదివారం తీసుకెళుతున్నా. చేర్చాలో వద్దో దాని కళ్లు చూశాకే చెబుతాను.