రైలు దూరంగా వెళ్లిపోయిన రేవులో ఒక ఆంగ్లికన్ సంఘం

విజయనగరం జిల్లా కొత్తవలసకూ, దానికి తూర్పున సముద్రపు ఒడ్డున ఉన్న భీమునిపట్నానికీ (వాడుకలో భీమిలి) మధ్య దూరం తక్కువే గాని, ఆ రెండు ఊళ్ల భాగ్యరేఖలు ఒకే కాలంలో ఎదురెదురు దిక్కులకు తిరిగాయి. 1890లలో తూర్పు తీర రైలుమార్గం వేసినప్పుడు పట్టాలు భీమిలి రేవును తాకకుండా, లోపలి భాగాన వాల్తేరు, కొత్తవలస, విజయనగరం మీదుగా సాగాయి. 1933లో విశాఖపట్నం హార్బరు తెరుచుకున్నాక భీమిలికి మిగిలిన ఓడ వ్యాపారం కూడా అటే తరలింది. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం కిరండూల్ దాకా మరో మార్గం వేయడంతో కొత్తవలస జంక్షన్ అయింది. 1861లోనే మునిసిపాలిటీ అయిన భీమిలి మాత్రం నేడు విశాఖ మహానగరానికి ఒక శివారు. ఆ ఊళ్లోని సెయింట్ పీటర్స్ చర్చి ఇప్పటి రూపాన్ని ఈ నేపథ్యం లేకుండా అర్థం చేసుకోలేము. ఎందుకంటే ఆ చర్చిని ఎవరి కోసం కట్టారో వారు రేవుతోపాటే వెళ్లిపోయారు, ఎవరిని దృష్టిలో పెట్టుకోకుండా కట్టారో వారే దానిని నిలబెట్టారు.

భీమిలిలో యూరోపియన్ల ఉనికి ఇంగ్లీషువారితో మొదలు కాలేదు. 17వ శతాబ్దంలోనే డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. వారి సమాధులపై డచ్చి భాషలో చెక్కిన రాతలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1825లో ఈ ఊరు బ్రిటిష్ పాలన కిందికి వచ్చింది. రేవు వ్యాపారం జోరుగా సాగిన రోజుల్లో, 1864లో, సెయింట్ పీటర్స్ చర్చి ప్రతిష్ఠ జరిగింది. ఆంగ్లికన్ సంప్రదాయంలో ప్రతిష్ఠ అంటే కట్టడాన్ని ఆరాధనకు శాశ్వతంగా అంకితం చేసే క్రతువు. అది బిషప్పు అధికారంలోని పని. అప్పట్లో ఈ తీరమంతా మద్రాసు డయోసిస్‌లో, అంటే మద్రాసు బిషప్పు పర్యవేక్షణ ప్రాంతంలో ఉండేది. 1861 నుంచి 1899 దాకా ఫ్రెడరిక్ గెల్ ఆ పదవిలో ఉన్నారు. రంగుటద్దాల కిటికీలున్న ఆ చర్చిలో నాటి ఆరాధన ఇంగ్లీషులో, ఇంగ్లీషువారి కోసం సాగేది.

అయితే ఉత్తరాంధ్రలో తెలుగు క్రైస్తవ సంఘాలను పెంచడంలో ఆంగ్లికన్ల పాత్ర స్వల్పమనే చెప్పాలి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ దే గ్రాంజ్ విశాఖపట్నం వచ్చి, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో సువార్తల తెలుగు అనువాదానికి పూనుకున్నారు. 1870లలో కెనడా బాప్టిస్టులు భీమిలిని, ఆ తర్వాత బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం వంటి పట్టణాలను తమ కేంద్రాలు చేసుకున్నారు. బాప్టిస్టు పద్ధతిలో ప్రతి సంఘమూ తన వ్యవహారాలను తానే నిర్ణయించుకుంటుంది, విశ్వసించిన పెద్దలకే ముంచి బాప్తిస్మమిస్తుంది. బిషప్పుల పాలనలో నడిచే ఎపిస్కోపల్ పద్ధతిలోనైతే పసిబిడ్డలకూ బాప్తిస్మమిస్తారు. వారు పెరిగి విశ్వాసాన్ని తమ నోటితో ఒప్పుకున్నాక బిషప్పు తలపై చేతులుంచి కన్ఫర్మేషన్ ఇస్తారు. ఆంగ్లికన్లకు తెలుగునాట గట్టి పునాది దొరికింది దక్షిణాన, 1841లో మొదలైన మచిలీపట్నం మిషన్‌తో. 1912లో వి.ఎస్. అజరయ్య దోర్నకల్ బిషప్పుగా, ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైనప్పుడు ఆ పునాది మీద దేశీయ నాయకత్వం నిలిచింది. సంఘాల ఐక్యత కోసం దశాబ్దాలు శ్రమించిన అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూయగా, 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ భారత ఐక్య సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా, వాడుకలో సి.ఎస్.ఐ.గా, ఏర్పడ్డాయి. బాప్టిస్టులు ఆ కలయికలో చేరలేదు గనుక, ఈ తీరంలో సి.ఎస్.ఐ. సంఘాలు సంఖ్యలో చిన్నవిగానే ఉండిపోయాయి.

సెయింట్ పీటర్స్ వంటి సి.ఎస్.ఐ. సంఘం చిన్నదైనా దాని ఏడాది నిండుగా నడుస్తుంది. గురువును అందరూ అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ పిలుస్తారు; వ్యవహారాలు పాస్టరేట్ కమిటీ చూస్తుంది. తెల్లని అంగీపై అయ్యగారు మెడ మీదుగా వేసుకునే స్టోల్ అనే పొడవైన పట్టీ రంగును బట్టి ఏ కాలం నడుస్తున్నదో తెలిసిపోతుంది: ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల కాలంలో ఊదా, క్రిస్మస్‌కూ ఈస్టర్‌కూ తెలుపు, పెంతెకొస్తుకు ఎరుపు, మిగతా వారాల్లో చాలావరకు ఆకుపచ్చ. కోత పండుగనాడు కొత్త బియ్యం, గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరికాయలు బలిపీఠం ముందు పేర్చి, ఆరాధన ముగిశాక వేలం వేస్తారు. ఒక్క కొబ్బరికాయను పాడుకున్నవారు మళ్లీ గుడికే ఇచ్చేయగా అది రెండోసారీ మూడోసారీ వేలానికి వస్తుంది, ఆ సొమ్ము సంఘ ఖర్చులకు చేరుతుంది. నవంబరు 2న సమాధుల పండుగకు కుటుంబాలు ముందుగానే సమాధులకు సున్నం వేసి, పూలు పరచి, చీకటిపడే వేళ కొవ్వొత్తులు వెలిగిస్తాయి.

ఈ జీవితంలో అన్నిటికన్నా విలువైనది పాట. ఆరాధనలో చేత పట్టుకునే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో కీర్తనల తలపై రాగం, తాళం ముద్రించి ఉంటాయి. అందులో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టినవారు, బాప్టిస్టు బోధకులు. ఇంగ్లీషువారు కట్టిన గోడల మధ్య, ఆంగ్లికన్ ఆరాధన క్రమంలో, ఉత్తరాంధ్ర బాప్టిస్టు కవి కట్టిన కర్ణాటక బాణీ వినిపించడం విశేషం. సిద్ధాంత భేదాలతో విడిపోయిన సంఘాలను ఈ కీర్తనలు ఏ ఒప్పందమూ లేకుండానే కలిపాయి. సంఘ చరిత్రలు రాసేవారు మిషనరీల జీవితాలకు ఇచ్చిన చోటు ఈ వాగ్గేయకారులకు ఇవ్వకపోవడం పెద్ద లోటు.

మరో లోటు పూడ్చడం సంఘస్తుల చేతుల్లోనే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్తిస్మ, వివాహ, ఖనన రిజిస్టర్ల ప్రతులు బ్రిటిష్ పాలన కాలానివి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. కాబట్టి ఆనాటి తెల్లవారి వివరాలు ఎక్కడున్నా వెతికి తీయవచ్చు. 1947 తర్వాత అవే గోడల మధ్య బాప్తిస్మం పొంది, పెళ్లాడి, కన్నుమూసిన తెలుగువారి వివరాలకు మాత్రం స్థానిక రిజిస్టరే ఆధారం, ఉప్పుగాలికి కాగితం ఎక్కువకాలం ఆగదు. కొత్తవలస మొదలు భీమిలి దాకా ప్రతి సంఘమూ, సి.ఎస్.ఐ. అయినా బాప్టిస్టు అయినా, తమ రిజిస్టర్లను స్కాన్ చేయించి ఒక ప్రతిని బయట భద్రపరచాలి. పాత కీర్తనల బాణీలు ఎరిగిన పెద్దల చేత వాటిని పాడించి రికార్డు చేయాలి. ఈ పని వచ్చే కమిటీకి వదలకుండా ఇప్పుడున్న కమిటీయే మొదలుపెట్టాలి.