లెండ్ – బారో

సాయంత్రం స్టడీ అవర్లో అయిదో తరగతి చెల్లెళ్ళకు ఇంగ్లీషు చెప్పే పని నాది. వాళ్ళను బాగా తికమక పెట్టే మాటలు రెండున్నాయి: లెండ్, బారో. మొదటి రోజు నేను "లెండ్" అనగానే వెనక వరుసలో ఒకమ్మాయి లేచి నిలబడింది, "లెండి" అన్నాననుకుని!

మన తెలుగులో ఇచ్చినా అప్పే, తీసుకున్నా అప్పే. అందుకే "కెన్ ఐ లెండ్ యువర్ పెన్?" అని అడుగుతారు. అంటే నా పెన్నును తను ఇంకొకరికి అప్పిస్తుందన్నమాట!

ఒక రబ్బరు తీసుకుని ఇద్దరి చేత ఆట ఆడించాను. ఇచ్చినమ్మాయి లెండ్ చేసింది, దాంతో 'టు' వస్తుంది. పుచ్చుకున్నమ్మాయి బారో చేసింది, దాంతో 'ఫ్రమ్' వస్తుంది. రబ్బరు ఒకటే, మాటలు రెండు. లోన్, లెండ్ ఒకే కుటుంబం మాటలు, రెండూ 'ల'తోనే మొదలు. అలా గుర్తు పెట్టుకోమన్నాను.

పరీక్షలో తప్పితే ఒక మార్కు పోతుంది. బ్యాంకు కాగితంలో 'బారోవర్' అని ఉన్నచోట సంతకం పెడితే మాత్రం అప్పు మనమే తీర్చాలి. మా ఊళ్ళో చాలామంది పెద్దవాళ్ళు అడిగినచోటల్లా వేలిముద్ర వేసేస్తారు. ఏజెన్సీలో లైసెన్సు లేనిదే వడ్డీ వ్యాపారం చేయరాదని 1960లోనే రెగ్యులేషన్ వచ్చింది. చట్టం ఉన్నా, కాగితం చదివేవాళ్ళు ఇంటికొకరైనా ఉండాలి కదా!

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! సెలవులకు ఇంటికి పోయినప్పుడు పెట్టెలోని కాగితాలు ఒకసారి తీసి చూడండి. 'బారోవర్' పక్కన ఎవరి పేరుందో, ఎంత రాసుందో అమ్మానాన్నలకు చదివి వినిపించండి.

– పదవ తరగతి విద్యార్థిని