మోటర్‌కే కాదు, మనిషికీ గాలి పడుతది

ఇయ్యాల పంట ముచ్చట కాదు, పానం ముచ్చట. జర ఓపికతో సదువుండ్రి.

మా తమ్ముని కొడుకు నాచారంల ఒక కంపెనీల పని చేస్తడు. ఉంటున్నది ఉప్పల్‌ల, కిరాయి రూమ్. 24 ఏండ్లోడు, మస్తు పొడుగు, బక్కపల్చని మనిషి. సిగరెట్లు తాగుతడు. పోయిన చలికాలం పని మీద పట్నం పోయి, రాత్రి వాని రూమ్‌లనే పన్న.

పొద్దున లేచి మొఖం కడుక్కుంటుంటే ఒక్కసారిగ ఎడమ పక్క రొమ్ము పట్టుకున్నడు. "పెద్దబాపూ, సూదితో పొడిచినట్టు అయితుంది, దమ్ము తీస్తే ఇంకా ఎక్కువైతుంది" అన్నడు. నేనేమన్న? "గ్యాస్ బిడ్డా, రాత్రి బయటి తిండి తిన్నవ్ గద" అన్న. సోడా తాపిచ్చిన, గ్యాస్ గోలీ ఇచ్చిన. జర తగ్గినట్టు అనిపిస్తే డ్యూటీకి పోయిండు.

మధ్యాహ్నం ఫోన్. మెట్లు ఎక్కుతుంటే దమ్ము అందక కూలబడ్డడట. తోటి పిల్లలే ఆటోల దవాఖానకు తీస్కపోయిండ్రు. నేను పోయేసరికి ఎక్స్‌రే అయిపోయింది. డాక్టరమ్మ చూపించింది: ఎడమ పక్క ఊపిరితిత్తి ముడుచుకొని చిన్నగ అయింది, చుట్టూ నల్లగ ఖాళీ. "ఆ నల్లగ ఉన్నదంతా గాలే" అన్నది.

గాలితోనే బతికే ఊపిరితిత్తికి గాలితో ఏం ఆపద అని అడిగిన. ఆమె చెప్పింది నాకు మన బావి మోటర్ లెక్కన అర్థమైంది. సక్షన్ పైపుల గాలి పడితే మోటర్ తిరిగినా నీళ్లు ఎత్తదు గద. ఊపిరితిత్తికీ రొమ్ము గోడకూ నడుమ అట్లనే గుంజి పట్టే బలం ఉంటది. ఊపిరితిత్తి మీద ఉన్న చిన్న బుడగ పగిలి గాలి ఆ నడుమలకు వస్తే, ఆ పట్టు పోయి అది ముడుచుకపోతది. పొడుగ్గ, బక్కగ ఉండే వయసు పిల్లల్లో, అందులో సిగరెట్ తాగేటోళ్లల్లో ఇది ఎక్కువట. టీబీ వచ్చి పోయినోళ్లకు, ఏండ్ల సంది దమ్ము ఉన్న పెద్దోళ్లకు, ట్రాక్టర్ మీదికెళ్లి పడి పక్కటెముక ఇరిగినోళ్లకు కూడా వస్తది.

కొంచెం గాలే ఉంటే ఆక్సిజన్ పెట్టి, మళ్ల ఎక్స్‌రే తీసి చూస్తరు. మావోనికి ఎక్కువ ఉండె. చంక కింద పక్కటెముకల నడుమ మొద్దుబార్చి పైపు వేసిండ్రు. పైపు కొస సీసాల నీళ్లల్ల మునిగి ఉంటది. గాలి బుడబుడ బయటికి వస్తది, మళ్ల లోపలికి పోదు. అచ్చం ఫుట్ వాల్వే! సీసా ఎప్పుడూ రొమ్ము కంటే కిందనే ఉండాలె అని నర్సమ్మ పదిసార్లు చెప్పింది. నాలుగు రోజులకు బుడగలు ఆగినయ్, ఎక్స్‌రేల ఊపిరితిత్తి విచ్చుకున్నది, పైపు తీసేసిండ్రు.

గాలి లోపలికి పోతనే ఉండి బయటికి రాకుంటే గుండెను నొక్కుతది, బీపీ పడిపోతది. గప్పుడు ఎక్స్‌రే దాకా కూడా ఆగరట, సూది గుచ్చి గాలి తీస్తరట. ఆ మాట ఇని నా కాళ్లు వణికినయ్. పొద్దుగాల నేనిచ్చింది సోడా.

అందుకే రాస్తున్న. ఒక్కసారిగ ఒక పక్క రొమ్ము పొడుస్తూ దమ్ము ఆడకుంటే గ్యాస్ అని కూసోకుండ్రి. గుండె అయినా, ఊపిరితిత్తి అయినా తేల్చేది డాక్టరే. 108కు ఫోన్ కొట్టుండ్రి. కంపెనీల పని చేసే పిల్లలకు ఈఎస్ఐ కార్డు ఉంటే నాచారంలనే ఈఎస్ఐ దవాఖాన ఉంది, కార్డు సంగతి ముందే అర్సుకోండ్రి. ఒకసారి వచ్చినోళ్లకు మళ్ల రావచ్చు. మళ్లమళ్ల వస్తే ఆపరేషన్ ఉంటది. డాక్టర్ సరే అనేదాకా బరువులు ఎత్తొద్దు, ఇమానం ఎక్కొద్దు.

మావోడు సిగరెట్ బంద్ జేసిండు. నేను గూడా బీడీ కట్ట పొయ్యిల ఏసిన. పట్నంల పిల్లలున్న ప్రతి ఇంటికి ఈ ముచ్చట చెప్పుండ్రి.